కత్తెరమ్మ ఎత్తు

కత్తెరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మనిషి కొట్టు గుమ్మం ఎక్కితే చాలు, టేపు తియ్యకుండానే భుజం కొలత చెప్పేసేది. అలాంటి మనిషి మొన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఏం చెప్పమంటారు!

కొడుకూ ఆ కొట్లోనే కుడతాడు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "చాలా ఏళ్ళు చేశావమ్మా, ఇక కూర్చో" అని మెత్తగా అని, కత్తెర తీసి పై అరలో పెట్టాడు. ఆమెకే అనుమానం వచ్చింది. బుర్ర నిజంగానే పోతోందా?

"ఒరేయ్, ఆదివారం పేపర్లో చదరంగం చిక్కు వస్తుందిగా. అది విప్పలేకపోతే ఆ కత్తెర జోలికి రాను. విప్పితే మాత్రం నోరు మూసుకుని కిందికి దించు" అంది.

ఆదివారం కోడలు పేపరు చూసి పావులు పేర్చింది. తెల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోయింది, దాని బదులు దారం రీలు. నల్లరాజు మూలన నక్కాడు. ముందు సొంత బంట్లు అడ్డం, పక్కన ఒక్క గడే ఖాళీ. తెల్లపావులు గెలవాలి.

టీ చల్లారిపోయింది. కొడుకు మిషను తొక్కుతూ ఓరకంట చూస్తూనే ఉన్నాడు. చివరికి ఆమె మంత్రిని తీసుకెళ్ళి ఆ ఖాళీ గడిలో పెట్టింది, నల్ల ఏనుగు పక్కనే.

కొడుకు మొహం వాడిపోయింది. "అయ్యో అమ్మా, మంత్రిని ఏనుగు నోట్లో పెట్టేశావే!"

"రాజుతో కొట్టు మరి."

"రాజు కొట్టలేడండీ, అత్తయ్య రీలు కాపలా ఉంది" అంది కోడలు, కళ్ళు పెద్దవి చేసి.

"అయితే ఏనుగుతోనే కొట్టరా" అంది కత్తెరమ్మ.

కొట్టాడు. రాజు పక్కనున్న ఆ ఒక్క గడీ ఇప్పుడు సొంత ఏనుగుతోనే నిండిపోయింది. ఆమె రీలు ఎత్తి గుర్రంలా దూకించింది.

"ఆట కట్టు!"

కొడుకు బల్ల వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, పకపకా నవ్వేశాడు. "నీది బుర్ర కాదే, పాదరసం!" అంటూ స్టూలెక్కాడు. "మా అత్తయ్యంటే ఏమనుకున్నారు?" అని కోడలు చప్పట్లు కొట్టింది. తన మీద తనకే ఎంత గర్వంగా అనిపించిందో కత్తెరమ్మకి! అనిపించదా మరి?

కత్తెర చేతికి రాగానే రెండుసార్లు ఆడించి చూసుకుంది.

"నవ్వింది చాల్లే. ఆ చొక్కా గుడ్డ ఇలా తే, కుడి చెయ్యి కత్తిరించాలి."