బతికున్న అత్తమ్మకు చావు తెచ్చిన పరుపు

ఒక్క పరుపు కొని, నిక్షేపంగా ఉన్న మా అత్తమ్మను పట్టపగలు చంపేసిన ఘనత నాది. పోలీసులకు చెప్పే ముందు కాస్త వినండి.

అత్తమ్మకు నడుము నొప్పి. పాత దూది పరుపు మధ్యలో గుంత పడింది. పొద్దున ఆమెను అందులోంచి లేపడమంటే బావిలోంచి చేదడమే. దవాఖానలో పరుపు మార్చమన్నారు. మా ఆయన రేపు మాపు అంటుంటే నేనే నాగర్‌కర్నూల్ వెళ్ళాను.

దుకాణంలో ప్రతి పరుపు మీదా పడుకుని చూశాను. మూడోదాని మీద గురక కూడా పెట్టానట.

"లే అక్కా, ఇంక బేరమే కాలే," అన్నాడు దుకాణదారు. "మరీ మెత్తగుంటే నడుము దిగబడ్తది, గట్టిగుంటే ఒత్తుకుంటది. గీ నడిమి రకం తీస్కపో."

ఆటోలో ఇంటికి తెచ్చాను. మరి పాతది? నేను గద్వాల టౌన్‌లో పుట్టినదాన్ని, అక్కడ చెత్త బండి అన్నీ మోసుకుపోయేది. కాపురానికి వచ్చి రెండేళ్ళే. వీపనగండ్ల దగ్గరి మా ఊళ్ళో మనిషి పోతేనే పక్కబట్టలు ఊరి బయట వేస్తారని నాకేం తెలుసు?

"అన్నా, పోయేటప్పుడు దీన్ని ఊరి బయట పడేసి పో," అన్నాను ఆటో అతనితో. పైన అత్తమ్మ దిండు కూడా పెట్టాను. అతను ఎందుకో నా వైపు జాలిగా చూసి, ఏమీ అడగకుండా ఎక్కించుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. నా తొందర మాత్రం నేరుగా శవయాత్రకే దారి తీసింది.

గంట గడవలేదు. పక్కింటి వదిన గుండెలు బాదుకుంటూ వచ్చింది. వెనక పదిమంది ఆడవాళ్ళు, ఒకరి చేతిలో పూలదండ. అత్తమ్మ కొత్త పరుపు మీద కూర్చుని చాయ్ తాగుతోంది.

"ఎవరు పోయిన్రే?" అంది ఆదుర్దాగా.

"నువ్వే పోయినవంట గద, పెద్దమ్మా!"

తిట్లన్నీ నాకే వచ్చాయి. అత్తమ్మ మాత్రం వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే చూసి, మళ్ళీ వాకిలి వైపు చూసింది.

"చిన్నది రాలేదా?"

చిన్నదంటే ఆమె చెల్లెలు, మా చిన్నత్త. ఊరికి ఆ చివర ఉంటుంది. తన మనవరాలి పెండ్లికి అత్తమ్మ ఇంటికొచ్చి పిలవలేదని చిన్నత్త రాలేదట, ఆరేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

"పెండ్లికి పిలిస్తే పోవాలె, చావుకు పిల్వకున్నా పోవాలె. నా చావుకు గూడ రాలే సూడు," అంటూ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. నా తెలివితక్కువతనం వల్లే కదా, ఆ ముసలి ప్రాణానికి తెలియకూడనిది తెలిసింది.

కనీసం దిండైనా తెద్దామని ఊరి బయటికి పరుగెత్తాను. పరుపు మీద చిన్నత్త కూర్చుని ఉంది, దిండు ఒళ్ళో పెట్టుకుని.

"ఇంటికాడికి వద్దామంటే మొఖం చెల్లలే బిడ్డా," అంది. "ఈడనే కూసోని ఏడుస్తున్న."

"అత్తమ్మ బతికే ఉన్నది చిన్నత్తా. నీకోసమే సూస్తున్నది."

నా వీపు మీద ఒక్కటి చరిచి, కళ్ళు తుడుచుకుని, పరుపుకు ఒక కొస తనే పట్టుకుంది.

ఇంటికి తెచ్చిన ఆ గుంత పరుపు మీదే కూర్చుని అక్కాచెల్లెళ్ళిద్దరూ పొద్దుగూకేదాకా ఏడ్చారు. అత్తమ్మ ఇక కొత్తదాని ముఖం చూడలేదు.

తర్వాతి వానాకాలంలో అత్తమ్మ నిజంగానే పోయింది. ఈసారి పరుపును ఊరి బయటికి మోయించింది చిన్నత్తే. దిండు మాత్రం తనతో తీసుకుపోయింది.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనుషులు బతికుండగా ఏ పరుపునూ ఊరి పొలిమేర దాటించను. మాటల్లేని అక్కాచెల్లెళ్ళు ఎక్కడైనా ఉన్నారని తెలిస్తే మాత్రం, ఆ ఒట్టు తీసి గట్టున పెడతాను.