దొరకని విమానం, అమ్మ ఎక్కిన విమానం

అమ్మ ఉమ్రా చేయడానికి మక్కాకు బయల్దేరాల్సిన వారంలోనే ఆ విమానం కనబడకుండా పోయింది. అది ఎక్కడో వేరే దేశాల మధ్య తిరిగే విమానం. సముద్రం మీదికి వెళ్ళిందన్నారు, రాడార్ మీద చుక్క ఆరిపోయిందన్నారు, అంతే. సికింద్రాబాద్ పక్కన అల్వాల్‌లో మా ఇంటికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ వారమంతా మా ఇంట్లో ఇంకో మాట లేదు.

అమ్మ అప్పటిదాకా విమానం ఎక్కలేదు. తోడుగా మామ వెళ్తున్నాడు. అమ్మకు సొంత తమ్ముడు, బన్సీలాల్‌పేట్‌లో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఆయనకూ అదే మొదటిసారి. వార్త వినగానే నేను చేసిన మొదటి పని టీవీ వెనక కేబుల్ తీగ పీకేయడం. "కేబుల్ వస్తలేదమ్మా, వాళ్ళకు చెప్పిన" అన్నాను. నాన్న పోయినప్పటి నుంచి ఆమె అనుకుంటూ వచ్చిన ప్రయాణం అది. భయపడి మానుకుంటుందేమోనని నా దిగులు.

అమ్మ చెప్పులేసుకుని పై వాటాలో ఉండే ఆంటీ ఇంటికి వెళ్ళింది. ఆంటీది కాకినాడ వైపు. భర్త వ్యాపారం కోసం ఇక్కడికొచ్చి ఉండిపోయారు. సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ టీవీ ముందు కూర్చున్నారు.

"అది కాదండీ వదినగారూ, ఎవరో కావాలనే తిప్పేసుంటారు. ఏదో దీవిలో దింపేసుంటారు. లేకపోతే అంత పెద్ద విమానం ఎక్కడికి పోతుందండీ?" అంటోంది ఆంటీ.

"దింపితే మరి లోపటోళ్ళకు అన్నం ఎవలు పెడ్తున్నరు?" అని అడిగింది అమ్మ.

ఆంటీ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఆలోచనలో పడింది. అమ్మ నన్ను చూసి నవ్వింది. "కేబుల్ వీళ్ళకు మంచిగనే వస్తుంది బిడ్డా."

నేను కిందికి దిగి తీగ మళ్ళీ పెట్టేశాను.

ఉమ్రాకు వెళ్ళేవాళ్ళను చూసి, మా కోసం దుఆ చేయండని చెప్పుకోవడానికి చుట్టాలూ ఇరుగుపొరుగూ వస్తారు. ఆ వారం వచ్చినవాళ్ళందరూ ఒక్కో ఊహను వెంట తెచ్చారు. ఒకరు లోపల మంటలు లేచాయన్నారు. ఒకరు ప్రయాణికుల ఫోన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయన్నారు. అమ్మ అందరికీ షర్బత్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగేది. మంటలు లేస్తే ఆకాశంలో ఎవరికీ కనబడలేదా? ఫోన్ మోగితే ఎత్తేవాళ్ళు లేరా? ఆ గొంతులో బెదురు ఉందేమోనని నేను వంటింట్లోంచి చెవి పెట్టి వినేదాన్ని. బెదురు కాదు. పక్కింట్లో కుదిరిన పెళ్ళి ఎందుకు ఆగిందో తెలుసుకోవాలన్నంత ఆత్రం.

చివరికి తనూ ఒక ఊహ చేసింది. "పైలట్ దారి తప్పిండు. ఎవలనన్న అడిగితే ఇజ్జత్ పోతదని ముందుకే కొట్టిండు. మీ నాయన గిట్లనే గదా, బొల్లారం పోదామని బండెక్కించి మేడ్చల్ దాకా తీస్కపోయిండు."

సికింద్రాబాద్‌లో నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో ఈ మాట చెప్పి అందరినీ నవ్వించాను. రెండు రోజులు తిరగకముందే ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టి చూసుకుంటూ, గొంతు తగ్గించి, నాకే చెప్పాడు. "అసలు సంగతి తెల్సా అమ్మా? పైలట్ దారి తప్పిండంట. ఎవలో రిటైర్డ్ పైలట్ వాట్సాప్‌ల పెట్టిండు."

ఇంటికి వచ్చి చెబితే అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "అయితే తక్కినయి సుత గిట్లనే ఎవలింట్లనో పుట్టినయా?"

అందరికంటే ఎక్కువ ఊహలు తెచ్చింది మామే. రోజూ దుకాణం మూసి వచ్చి, బండి స్టాండు వేస్తూనే మొదలుపెట్టేవాడు. ప్రయాణానికి ముందు రోజు మాత్రం మధ్యాహ్నమే వచ్చాడు. నేనూ అమ్మా స్ప్రింగు త్రాసుకు సంచీ తగిలించి బరువు చూస్తున్నాం. మామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏందిరా, ఇయ్యాల కొత్త కబురేం లేదా?" అంది అమ్మ.

"అక్కా, నేను రాను."

"ఏందీ?"

"దుకాణంల పని శానున్నది. ఎండాకాలం షురూ అయింది..."

"పని సంగతి ఇడిసిపెట్టు. ఏమైంది?"

మామ తల వంచుకున్నాడు. "నిద్ర పడ్తలేదక్కా. కండ్లు మూస్తే నీళ్ళే కనవడ్తున్నయి. వారమాయె పరేషాన్‌ల ఉన్న."

రోజూ చేతులు తిప్పుతూ, నవ్వుతూ చెప్పిన మనిషి ఆయనేనా అనిపించింది. అల్లా మీద భారం వేయమని అమ్మ చెబుతుందనుకున్నాను. అమ్మ సంచీ పక్కన పెట్టి, ఆయన్ని చాప మీద కూర్చోబెట్టుకుంది.

"ఇన్ని దినాలు నాకు చెప్పినవన్నీ మళ్ళొక్కసారి చెప్పు."

"ఇప్పుడెందుకక్కా?"

"చెప్పు, జెర ఇంటా."

మామ సణుగుతూనే మొదలుపెట్టాడు. మంటలన్నాడు. దొంగలన్నాడు. దీవి అన్నాడు. అమ్మ ప్రతిదానికీ అడ్డుపడింది. "మంటలు లేస్తే దీవిల ఎట్ల దిగింది? దొంగలైతే ఇంకా పైసలెందుకు అడుగుతలేరు?" కాసేపటికి మామకే ఏ ఊహ ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది.

"ఇన్నిట్ల ఒక్కటి నిజమైతే తక్కినవన్నీ ఒట్టివే గదరా" అంది అమ్మ. "ఒట్టి మాటలకు భయపడ్తున్నవ్."

"ఆ ఒక్కటి నిజమే గదక్కా మరి?"

అమ్మ కొంగు సరిచేసుకుంది. "నిజమే. దానికి నాకు సుత భయమైతుంది. అందుకే నువ్వు పక్కనుండాలె. ఒక్కదాన్నే ఎట్ల పోతరా?"

భయమన్న మాట అమ్మ నోట వినడం నాకు అదే మొదలు. మామ లేచి, సంచీని తనే త్రాసుకు తగిలించాడు.

విమానంలో జరిగిందంతా వాళ్ళు తిరిగొచ్చాక, ఖర్జూరాలు పంచుతూ మామే చెప్పాడు. అమ్మ కిటికీ పక్కన కూర్చుందట. సముద్రం మొదలైనప్పటి నుంచి ముఖం అద్దానికి ఆనించి కిందికే చూసిందట.

"ఒక్క పడవ సుత కనవడలే బిడ్డా" అని అమ్మ అందుకుంది. "చూసిన కొద్దీ నీళ్ళే. గంత పెద్దగుంటదని టీవీల చూస్తే తెల్వలే. గా నీళ్ళల్ల ఏడని దేవులాడ్తరు?"

తర్వాత ఆమె కిటికీ వదిలి ముందు సీటు మీద తట్టిందట. అక్కడ కామారెడ్డి నుంచి వచ్చిన భార్యాభర్తలున్నారు. ఏ ఊరు, పిల్లలెందరు, ఇంటి దగ్గర ఎవరున్నారు, అన్నీ అడిగింది. వెనక్కి తిరిగి ఆ వరుసవాళ్ళనూ అడిగింది. మామకు సిగ్గేసి, "అక్కా, ఊకో" అన్నాడట.

"వారమంత టీవీ చూసినం. విమానం ఎటు మళ్ళిందో, ఎంత మీదికి పోయిందో మస్తు చెప్పిండ్రు. లోపట కూసున్నోళ్ళు ఎవలో, ఏం పనికి పోతున్నరో సక్కగ ఒక్కలు చెప్పలే. నా పక్కనున్నోళ్ళ గురించి నేను అడుగుతున్న. నీకేంది తక్లీఫ్?" అందట అమ్మ.

ఆ కామారెడ్డి ఆయనకు ఐస్‌క్రీం దుకాణం ఉంది. మాటల్లో ఫ్రీజర్ సరిగా పనిచేయడం లేదన్నాడు. ఇక మామ కంప్రెసర్ గురించి మొదలుపెట్టి, ఉమ్రా కోసం చుట్టుకున్న తెల్లటి ఇహ్రాం బట్టల్లో సీటు మీద ముందుకు వంగి మాట్లాడుతూనే ఉన్నాడట. ఉమ్రాకు హద్దయిన మీఖాత్ దగ్గర పడుతోంది, సంకల్పం చెప్పుకుని నియ్యత్ చేసుకోండని మైకులో చెప్పినప్పుడు గానీ సముద్రం దాటేశామని ఆయనకు తెలియలేదు.

కామారెడ్డి ఆమె ఇప్పటికీ డాక్టర్ దగ్గరికని సికింద్రాబాద్ వస్తే మా ఇంటికొచ్చి అన్నం తిని వెళ్తుంది. మొన్న వచ్చినప్పుడు టీవీలో ఆ విమానం కోసం ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ వెతుకుతారని చెబుతున్నారు.

"దొరుకుతదంటవా అక్కా?" అని అడిగింది.

"తెల్వది" అంది అమ్మ.

ఆ వారం మా ఇంటికి వచ్చి షర్బత్ తాగినవాళ్ళలో ఒక్కరూ అనని మాట అది. తర్వాత అమ్మ నా వైపు తిరిగి సౌండ్ పెంచమంది. ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.