బందయిందన్న మిక్సర్



నాచారంలో కారం, పసుపు, మసాలాలు కలిపే చిన్న ఫ్యాక్టరీ అది. అక్కడి నాలుగు మిక్సర్లను కంప్యూటర్ నుంచి నడిపే పైథాన్ ప్రోగ్రాం రాసింది నేనే. ఒక్కో మిక్సర్‌కు ఒక్కో ప్రాసెస్, అంటే విడిగా తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రాం. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు. ప్రతిదానికీ సొంత ఉత్తరాల పెట్టె ఉంటుంది, అందులో పడ్డ ఆదేశాలను వరసగా తీసి చేసుకుపోతుంది. దీన్నే యాక్టర్ పద్ధతి అంటారు. నాలుగింటినీ పుట్టించి పని అప్పజెప్పడానికి పైన ఒక పెద్ద ప్రాసెస్. ఆ అమరిక చూసుకుని తెగ మురిసిపోయేవాణ్ని.

అక్కడి మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. షిఫ్టు వాళ్ల టిఫిన్ డబ్బాలన్నీ గేటు పక్కన బల్ల మీద ఉంటాయి. ఆఖరి మనిషి తన డబ్బా తీసుకుని బయటపడేదాకా ఆయన తన డబ్బా ముట్టడు. మిక్సర్ కడిగే ముందు మెయిన్ స్విచ్ దించడం కూడా ఆయన అలవాటే. దాన్ని మాన్పించింది నేను.

"స్క్రీన్ మీద బందయిందని వస్తే చాలన్నా. మాటిమాటికి మెయిన్ దించితే నా కంప్యూటర్ గూడ బందయితది" అన్నాను. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఆయన ఊరుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం, కడిగే వేళకు స్టాప్ నొక్కాను. నాలుగూ బందయినట్టు స్క్రీన్ చూపించింది. బోడుప్పల్ నుంచి పనికొచ్చే అక్క మూడో మిక్సర్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అంటుకున్న పసుపును గరిటెతో గీకుతోంది. మిక్సర్ తిరిగింది.

తిరిగింది! మేస్త్రీ ఆమె భుజం పట్టి వెనక్కి గుంజాడు. ఆమె వదిలేసిన గరిటె లోపల పటపటమని విరిగింది. ఆమె పసుపంటిన వేళ్లను ఒక్కొక్కటిగా ముట్టి చూసుకుంది.

నా స్టాప్ ఆపింది పెద్ద ప్రాసెస్‌ను మాత్రమే. అది పోతూ పోతూ, అన్నీ ఆగాయో లేదో చూడకుండానే, ఆగిపోయాయని రాసేసి పోయింది. మూడోది బతికే ఉంది. కాసేపాగి ఇంకోసారి కలపమన్న పాత ఆదేశం దాని పెట్టెలో మిగిలిపోయింది. అది బుద్ధిగా కలిపింది.

తలదించుకుని ఇదంతా చెబితే మేస్త్రీ నమ్మలేనట్టు చూశాడు.

"అంటే నీ పెద్దోడు, తనోళ్లు లోపలుండంగనే డబ్బా పట్టుకొని ఇంటికి పోయిండా?"

"అవునన్నా."

"గట్లెట్ల పోతడు సార్?"

ఉప్పల్‌లో నా గదిలో వారం రోజులు కూర్చుని తిరగరాశాను. తను పుట్టించిన నాలుగు పిల్ల ప్రాసెస్‌లూ నిజంగా ముగిసేదాకా పెద్ద ప్రాసెస్ కదలదు, ఆ తర్వాతే స్క్రీన్ మీద మాట. దీనికి మా ప్రోగ్రాంలు రాసేవాళ్లు స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ అని పెద్ద పేరు పెట్టుకున్నారు. మేస్త్రీ దాన్ని టిఫిన్ డబ్బాతో చేస్తున్నాడు.

ఎన్నోసార్లు పరీక్షించాక ఫ్యాక్టరీలో స్టాప్ నొక్కి, "ఇగ కడగొచ్చక్కా" అన్నాను.

ఆమె కదల్లేదు. "ముందుగాల నువ్వు పెట్టు సార్, చెయ్యి."

స్క్రీన్ చూశాను. నాలుగూ బందు. చొక్కా చేతులు పైకి మడిచాను. మిక్సర్ అంచు దాకా వెళ్లిన చెయ్యి ఇక ముందుకు పోలేదు.

"అన్నా, జర మెయిన్ దించు" అన్నాను.