బండ తీసిన చోట

జమ్మలమడుగులో రిటైరైన టీచరు రూతమ్మ పొద్దున లేస్తూనే మల్లెమడిలో చూపుడువేలు గుచ్చి తడి చూస్తుంది. తడి తగలకపోతే బియ్యం కడిగిన నీళ్లు పోసి, వేలు కొంగుకు తుడుచుకుంటుంది. నిరుడు ఆ మడి కోసం వాకిట్లో నాలుగు నాపబండలు పెరికిస్తుంటే చర్చి పెద్ద సాలోమోను నవ్వినాడు. "బండల కింద ఏముంటాదక్కా? చర్చికి పూలు ప్రొద్దుటూరు నుంచి తెప్పిస్తాండాం గదా!" జనవరిలో ఆమె కొమ్మలు కత్తిరించి ఆకంతా దూసేస్తే, "చంపేస్తివి గదక్కా!" అన్నాడు. ఈ ఈస్టరు తెల్లారేసరికి ఆ మోడులే విరగబూసినాయి. ప్రొద్దుటూరు పూలు మాత్రం రాలేదు. సాలోమోను ఖాళీ బుట్టతో వాకిట్లో నిలబడి, "రూతక్కా, చర్చికి పూలు..." అని నసిగినాడు. ఆమె బుట్ట నిండా మల్లెలు పోసి, నడుం మీద చేతులు పెట్టుకుని పెద్దగా నవ్వింది.

"యేసు సమాధికైనా నా వాకిటికైనా, బండ తీస్తేనే గదప్పా ఈస్టరు!"