మా బావ గొంతు పోయిన రోజు

మా బావ ఎలిఫాలెట్ డ్రేక్‌కి నోరు తెరవడం వచ్చు గానీ మూయడం రాదు. అమెరికాలో వాబాష్ నది ఒడ్డున మా ఊళ్లో ఆయన ప్లీడరు, రాష్ట్ర శాసనసభలో సభ్యుడు, మా అక్క లవీనియాకి మొగుడు. ఈ ఉద్యోగాలన్నీ మాట్లాడుతూనే చేశాడు.

భోజనానికి ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి కదా! మా పాస్టరుగారు నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు. మా బావ సృష్టి నుంచి ఎత్తుకునేవాడు. ఆయన జలప్రళయం దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో పంది మాంసం మీద కొవ్వు గడ్డకట్టేది.

"ఏవండీ, దేవుడికి అర్థమైంది. ఆమెన్ అనండి," అనేది అక్క.

"అసలు విషయానికి ఇప్పుడే వస్తున్నా లవీనియా."

"మీరొచ్చేసరికి పిల్లలకి పెళ్లీడొస్తుంది. ఆమెన్!"

కోర్టులో ఆయన లేచి నిలబడగానే బెంచీల మీది ఆడవాళ్లు అల్లిక సూదులు తీసేవాళ్లు. ఆయన మొదలెట్టినప్పుడు పట్టిన మేజోడు, ఆయన కూర్చునేసరికి జతయిందని మా పక్కింటావిడ ఊరంతా చెప్పుకునేది. ఆయన దగ్గరే ప్లీడరు పని నేర్చుకున్న నేను మాత్రం కళ్లు తెరిచి నిద్రపోవడం కూడా నేర్చుకున్నాను.

ఆయనకి జన్మకో కోరిక. వాషింగ్టన్ వెళ్లి కాంగ్రెసులో, అంటే దేశపు పెద్ద చట్టసభలో, మాట్లాడాలి. అందుకోసం ఒక ఉపన్యాసం ఏళ్ల తరబడి చెక్కి, నునుపు చేసి దాచుకున్నాడు. పాలు పితికేటప్పుడు ఆవుకి వినిపించేవాడు. "అధ్యక్షా! ఈ దేశపు నదులు ఎవరి సొత్తు?" అని ఆయన అననిదే ఆ ఆవు పాలు చేపేది కాదు. మనుషుల ముందు మాత్రం ఒక్క ముక్క రాల్చేవాడు కాదు. "అది కాంగ్రెసు సొమ్మురా ఆసా, ఎంగిలి చేయకూడదు," అనేవాడు నాతో.

ఆ వసంతంలో కాంగ్రెసుకి తమ మనిషిని ఎంచుకోవడానికి పార్టీవాళ్లు పక్క కౌంటీలో సభ పెట్టారు. పోటీపడేవాడు స్వయంగా వెళ్లి మాట్లాడాలి. మాట్లాడటంలో మా బావకి పోటీ ఎవరు? సీటు ఆయనదేనని అందరూ అన్నారు. అక్క కొత్త టోపీ పెట్టుకుని, కోర్టు ముందు బండి ఆపుకుని కూర్చుంది. కోర్టులో చిన్న పని చూసుకుని మధ్యాహ్నం లోపు బయలుదేరాలి.

ఆ చిన్న పని ఓబెడ్ పికెట్ కేసు. అవతలి ఒడ్డున ఉండే ముసలమ్మ కెజయా దగ్గర ఓబెడ్ ఒక గుర్రం కొన్నాడు. మా వైపు గుర్రం బేరం చేయి కలిపితే అయిపోయినట్టే, కాగితం గీగితం ఉండదు. తీరా ఆవిడ అల్లుడు, గుర్రం నాది, వీడు దొంగిలించాడని కేసు పెట్టాడు. నిజం చెప్పగలిగింది ముసలమ్మ ఒక్కతే. ఆ రోజే నది పొంగి, దుంగలు కొట్టుకొచ్చి, పడవ ఆగిపోయింది. నీళ్లు కాస్త తగ్గగానే దాటిస్తానని పడవవాడు కబురు పంపాడు.

జడ్జి కిట్రెడ్జ్ మర్నాడు ఇంకో ఊళ్లో కోర్టు నడపాలి. "వాయిదా లేదు, ఇవాళే తేలిపోవాలి," అన్నాడు. ముసలమ్మ రాకముందే తేలితే ఓబెడ్ జైలుకే. వాడి పెళ్లాం చంటిపిల్లని ఎత్తుకుని ముందు బెంచీలో కూర్చుంది.

నేను బావ చెవిలో అన్నాను. "నువ్వు సభకి వెళ్లు బావా. ఇక్కడ నేను మాట్లాడతాను."

"నువ్వు పావుగంట మాట్లాడితే గొప్పరా. ముసలమ్మ సాయంత్రానికి గానీ రాదు."

ఆయన కిటికీలోంచి అక్క వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అక్క టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సాక్షిని పిలిచే ముందు రెండు మాటలండీ," అంటూ బావ లేచాడు. ఆడవాళ్లు సూదులు తీశారు.

నోవా ఓడలోకి గుర్రం ఎక్కడంతో మొదలెట్టాడు. భోజనం గంట కొట్టేసరికి ఇంకా ఓడలోనే ఉన్నాడు.

"డ్రేక్ గారూ, మీ సాక్షి ఎవరో చెప్పండి!" అన్నాడు జడ్జి.

"అక్కడికే వస్తున్నానండీ. ముందు ఓడ నిలబడనివ్వండి."

పొద్దు వాలింది. సభ మొదలయ్యే వేళ దాటిపోయింది. ప్రపంచంలోని గుర్రాలన్నీ అయిపోయాయి. గొంతు బొంగురుపోయింది. మాట ఆగితే కేసు పోయినట్టే. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

"అధ్యక్షా! ఈ దేశపు నదులు ఎవరి సొత్తు?"

ఆవు తప్ప ఎవరూ పూర్తిగా వినని ఉపన్యాసం అది!

"గుర్రానికీ నదులకీ ఏమిటండీ సంబంధం?" అన్నాడు జడ్జి.

"ఈ గుర్రం నది దాటే వచ్చిందండీ."

అబ్బ, ఏం చెప్పాడు! ఏళ్ల తరబడి ఆయన్ని వెక్కిరించిన నేను నోరు తెరుచుకుని విన్నాను. అల్లికలు ఆగిపోయాయి. జూరీలో రైతులు కళ్లు తుడుచుకున్నారు. జడ్జి కలం కింద పెట్టేసి, గడ్డం కింద చేతులు పెట్టుకుని చిన్నపిల్లాడిలా విన్నాడు. వాషింగ్టన్‌లో వినిపించాల్సిన ప్రతి ముక్కనీ, ఆఖరి మాటదాకా, ఆయన ఓబెడ్ పికెట్ గుర్రానికి ఖర్చుపెట్టేశాడు.

గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాని సమయానికి తలుపు తోసుకుని, బురదలో తడిసి ముసలమ్మ కెజయా వచ్చింది.

"ఆ గుర్రం నేనే అమ్మాను! నా అల్లుడు ఏడీ? ముందు వాణ్ని చూపించండి!"

అల్లుడు కిటికీ దూకాడు. జూరీ లేవకుండానే ఓబెడ్‌ని వదిలేసింది. అక్కడ సభలో సీటు ఎవరికో ఇచ్చేశారు.

మేం బండెక్కాం. బావ ఏదో చెప్పబోయాడు, నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. అక్క తన శాలువా తీసి ఆయన మెడకి చుట్టి, పగ్గాలు అందుకుంది.

"మీరు ఊరుకోండి. ఇవాళ నేను మాట్లాడతాను," అని మొదలెట్టింది. పార్టీవాళ్ల తెలివితక్కువతనం దగ్గర ఎత్తుకుని, తన మొగుడి గొప్పతనం మీదుగా, ఇల్లు చేరేదాకా ఆపలేదు. ఆయన ఆవిడ భుజం మీద తల వాల్చి, ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాడు.