దగ్గు లేని పాట

ముప్పై ఏళ్ళు అచ్చుయంత్రాల మోతలో పనిచేసినా మా బావవి పాము చెవులే. ప్రెస్సులో ఆయనకు ఆ పేరే స్థిరపడిపోయింది. పక్కగదిలో కుళాయి బొట్టు పడితే లేచి వెళ్ళి బిగించి వచ్చేవాడు. ఎవరైనా కాఫీ జుర్రితే ఒక చూపు చూసేవాడు, అంతే, మింగేది గొంతులోనే ఆగిపోయేది. ఆ మనిషితో మా అక్క ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది, గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముకుంటూ.

అక్క పోయి పదమూడు నెలలైంది. ఊపిరితిత్తుల జబ్బు. బయటపడిన మూడు నెలలకే అయిపోయింది. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదన్నాడు డాక్టరు. ముందు చిన్న దగ్గు కూడా లేదు, ఏం చేస్తాం అని బావ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. నేనూ నమ్మాను. తలరాత అనుకుని ఊరుకున్నాను.

ఆమె గొంతు మిగిలింది ఒక్క పాటలోనే. పోవడానికి ఏడాదిన్నర ముందు బావ ఆమెను మైకు ముందు కూర్చోబెట్టి పాడించి, కంప్యూటరులో దాచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ పాట వినిపించిన డ్యాక్ మొన్న కాలిపోయింది. డ్యాక్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, కంప్యూటరులో అంకెలుగా ఉన్న పాటను మళ్ళీ ధ్వనిగా మార్చి యాంప్లిఫయరుకు అందించే చిన్న పెట్టె. నాది యాంప్లిఫయర్ల రిపేరు షాపు కాబట్టి నాకే ఫోను చేశాడు. దాని గొంతు ఉన్నదున్నట్టు వినపడాలిరా, ఏది మంచిదో తెచ్చి చూపించు అన్నాడు. అందాకా ఫోనులో వినొచ్చుగా అంటే, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుందన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడు పెట్టెలు పట్టుకెళ్ళాను. మొదటిది చవకరకం. పాట వెనక సన్నగా బుస. అయినా అక్క గొంతు వినగానే నా కళ్ళు నిండాయి. రెండోది కాస్త నయం. మూడోది నా షాపులో అన్నిటికన్నా మేలైనది. అది పెట్టగానే అక్క ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది. గాజుల కదలిక, కిటికీ అవతల పిట్ట కూత, అన్నీ వినపడుతున్నాయి. చరణం మధ్యలో అక్క ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుందో లేదో పిట్ట కూత సగంలో తెగిపోయి తర్వాతి మాట వచ్చేసింది. కాసేపటికి ఇంకోచోటా అంతే.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఇదే పని నాకు, ఇట్టే తెలిసిపోయింది. ఇక్కడేం కోశావు బావా అని అడిగాను. ఆయన యాంప్లిఫయరు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"దగ్గు" అన్నాడు.

"ఎన్ని చోట్ల?"

"పదకొండు. పాడినంతసేపూ దగ్గుతూనే ఉంది. రికార్డు పాడవుతోంది, ఆపుకోమన్నాను. పాపం, ఆపుకోవాలనే చూసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాము చెవులట, పాము చెవులు! కుళాయి బొట్టు వినపడింది గానీ కట్టుకున్నదాని దగ్గు మాత్రం పాటకు అడ్డమైంది. అడిగేయాలని నోటిదాకా వచ్చింది. అడగకుండా పెట్టెల తీగలు చుట్టసాగాను.

మొదటిదే పెట్టి వెళ్ళరా, ఆ బుసలో కోతలు తెలియవు అన్నాడు. నేను వినిపించుకోలేదు. మొదటి రెండూ సంచిలో వేసుకుని, మూడోదే ఉంచి వచ్చేశాను. వినాలి, చచ్చినట్టు వినాలి అనుకున్నాను.

పది రోజులు ఆ ఇంటి ఛాయలకు పోలేదు. తిన్నాడో లేదో చూసి రమ్మని మా ఆవిడ పోరితే వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మూడోదే నడుస్తోంది. అక్క ఊపిరి పీల్చుకోగానే బావ పాట ఆపేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కొంతసేపు ఊరికే కూర్చుని, మళ్ళీ పెట్టాడు. తర్వాతి కోత దగ్గర మళ్ళీ ఆపాడు.

ఆపుతావేం బావా, పాడనీ అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు.

"ఆగరా" అన్నాడు. "కాస్త దగ్గనీ దాన్ని."