బొట్టు పెట్టిన చక్రం

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో గాలి కారిపోతుంటే, లోపలివాళ్ళు గదుల తలుపులు ఒక్కొక్కటే మూసి చూసి, చివరికి టీ ఆకు పొడి గాలిలో వదిలి, అది తేలుతూ పోయిన చోట పగులు పట్టుకుని టేపు అంటించారని మొన్న టీవీలో చూపించారు. ఇంకా కొంచెం పోతూనే ఉన్నదట. అది విన్నప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడికి అంతరిక్షం ఫికరెందుకని మా ఆవిడ నవ్వుతుంది కానీ, మొయినాబాదులో నా పంక్చర్ షాపు ముందు ఎండలో నిలబడ్డ మీలాంటి పాతవాళ్ళకు నా బాధ తెలుసు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఊరూరి నుంచి అద్దెకు కార్లు పెడుతున్న ఆ రోజుల్లో, ఆలూరులోని మా బావ కూడా ఒకటి పెట్టాడు. పెట్టిన నెలలోనే ఒక చక్రం రోజూ తెల్లారేసరికి నేలకు కూర్చునేది. ఇంకొక్కసారి ఆలస్యమైతే బండి తీసేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ట్యూబు విప్పి నీళ్ళ తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాదు. అనుమానం వచ్చిన చోటల్లా అతుకు వేస్తే ట్యూబు కాస్తా బొంత అయింది. మనసు ఆగక ఒక సాయంత్రం ఆలూరు పోయి కారు చుట్టూ తిరుగుతున్నాను. అక్క పసుపు గిన్నెతో వచ్చి, రోజూ చేసినట్టే నాలుగు చక్రాలకూ బొట్లు పెట్టింది. మూత పోయిన వాల్వును కూడా వదలకుండా వేలితో గట్టిగా అద్దింది. అది ఉస్సుమన్నది. ఉమ్మి రాస్తే పచ్చటి బుడగ లేచింది. ట్యూబు విప్పేముందు వాల్వు లోపలి పిన్ను తీసి దుమ్ము తుడిచేవాణ్ణి, అందుకే తొట్టిలో బుడగ రాలేదు, దొంగ అక్కడే తప్పించుకునేది!

"చక్రానికి పెడితే పెట్టినవు, దాని ముక్కుల గూడ పెట్టాల్నా అక్కా?"

"బోసిగ ఉన్నది తమ్మీ, పాపమనిపించింది."

"నా బండి పోతే నన్ను జూసి గూడ గట్లనే పాపమనుకుందువు తియ్!" అన్నాడు బావ.

పిన్ను మార్చి కొత్త మూత బిగించాను. మర్నాడు కంపెనీ గేటు దగ్గర మొదటి కారు బావదే.

ఇప్పుడు చక్రాలకు ట్యూబులే లేవు, గాలి తగ్గితే స్టీరింగు ముందే దీపం వెలుగుతుంది. నా తొట్టిలో మా ఆవిడ పుదీనా పెంచుతున్నది. మేమైతే బండిని రోడ్డు పక్కకు ఆపుకునేవాళ్ళం, పైనున్నవాళ్ళకు ఆ పక్క కూడా లేదు. అందుకే రోజూ వార్తల వేళకు లేచి వరండాలో తిరుగుతుంటాను. గాలి పోయే చప్పుడుకు చెవి ఒగ్గేవాళ్ళు కింద ఎవరూ మిగల్లేదు, పైన ఆ కొద్దిమందే.